నా మ్యాక నాకియ్యి

“మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది సర్. ఎన్ని కావాలంటే అన్ని కుట్టిపెడుతుంది.”

కృష్ణప్రసాద్ హాల్లో నిలబడి ఫోన్లో ఇంగ్లీషులో ఈ మాట అంటున్నప్పుడు గంగామణి వంటింట్లో పెనం మీద అట్టు తిరగేస్తోంది. శుక్రవారం, సెలవు రోజు. సెలవంటే ఆ ఇంట్లో టిఫిన్ మధ్యాహ్నం దాకా సాగుతుందని అర్థం. ఆరు నెలల వీసా మీద వచ్చిన అత్తగారు ఇందిరాదేవికి నూనె తగలని మెత్తటి అట్లు, భర్తకి ఎర్రగా కాలినవి, తొమ్మిదేళ్ళ కూతురు లహరికి వెన్న రాసిన బ్రెడ్డు. వాషింగ్ మెషిన్ ఒకపక్క గిరగిరా తిరుగుతోంది. అల్ సద్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి ఎదురుగా కొత్త టవర్ లేస్తోంది. నిరుడు ఆసియా క్రీడలైపోయాయి కదా, ఇక తగ్గుతుందనుకున్నారు గానీ, చమురు ధర పైకి పోతున్నకొద్దీ దోహాలో క్రేన్లు ఇంకా పెరిగాయి. ఆ దుమ్మంతా వచ్చి గంగామణి గిన్నెల మీదే వాలుతుంది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ వేలితో పేరు రాయొచ్చు.

ఫోన్ పెట్టేసి అతను వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“మా జోసెఫ్‌గారి భార్య పిల్లలకి ఏవో క్లాసులు నడుపుతుందట. పాటలు, డాన్సులు, వాయిద్యాలు. ఫిబ్రవరిలో ప్రోగ్రాం. వేషాలకి బట్టలు కుట్టేవాళ్ళు కావాలన్నారు. నీ పేరు చెప్పాను. రేపు ఆవిడే కారులో వచ్చి తీసుకెళ్తుంది.”

“ఎక్కడివాళ్ళురా వాళ్ళు?” డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి ఇందిరాదేవి.

“ట్రినిడాడ్ అమ్మా. వెస్టిండీస్. క్రికెట్ ఆడరూ?”

“ఓ, నల్లవాళ్ళా!” ఆవిడ అట్టు తుంచి చట్నీ అద్దుకుంది. “పోనీలే, నీకు పైవాడు కదా.”

‘నన్నొక్క మాట అడుగొద్దా’ అన్న వాక్యం గంగామణి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది వచ్చినట్టు బయటికి వదలకూడదు. ముందు దాన్ని ఆపాలి. ‘అడుగొద్దా’ని ‘అడగక్కర్లేదా’ చెయ్యాలి, గొంతులోని ఊపు తగ్గించాలి, చివర ‘అండీ’ తగిలించాలి. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె ప్రతి మాటా ఈ జల్లెడలోంచే దిగుతోంది. ఈలోగా అవతల వాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతారు. చెప్పాలనుకున్నది జల్లెడలోనే మిగిలిపోతుంది. అందుకే అత్తవారి చుట్టాల్లో ఆమెకి మితభాషి అని పేరు. నిర్మల్‌లో ఆమెతో చదువుకున్నవాళ్ళు వింటే పకపకా నవ్వుతారు. బీయస్సీ, బీఎడ్ చేసి అక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పిన రోజుల్లో వెనక బెంచీ పిల్లవాడు కూడా కిటికీ వైపు చూడకుండా వినేవాడు ఆమె పాఠం.

పెళ్ళై విజయవాడ వచ్చిన వారంలోనే పేరు సగం పోయింది. “గంగామణి ఏమిటమ్మా, పాతకాలం పేరు. మణి అని పిలుస్తాలే” అంది అత్తగారు, ప్రేమగానే. తర్వాత మాట వంతు. “అచ్చిండు, పోయిండు అంటావేంటి తల్లీ, పనిమనిషి వింటే నవ్వుతుంది.” కృష్ణప్రసాద్‌కి మొదట్లో ఆ యాస ముద్దు. స్నేహితులు వస్తే పిలిచేవాడు. “ఏదీ మణీ, ‘ఎందుకచ్చినవ్, ఏడికి పోతున్నవ్’ అని ఒకసారి అను, వీళ్ళు వింటారట.” ఆమె అనేది. వాళ్ళు పొట్టలు పట్టుకునేవారు. “అచ్చం సినిమాలో రౌడీలానే!” అన్నాడొకాయన. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఒళ్ళంతా ముళ్ళు పొడిచినట్టయ్యి, వంటింట్లోకి పోయి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. లహరి పుట్టాక ముద్దు తీరిపోయి విసుగు మొదలైంది. పాప మాటలు నేర్చుకుంటున్నప్పుడు అత్తగారు సరదాగా అన్నట్టే అంది, “దాన్ని నువ్వు ఎక్కువ పలకరించకమ్మా, మాట పాడైపోతుంది.” గంగామణి ఆ రోజు నుంచి చంకలో ఉన్న కూతురితో కూడా చూసుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంది.

దోహా వచ్చాక ఇక్కడి తెలుగువాళ్ళు సెలవురోజుల్లో పిల్లలకి తెలుగు నేర్పే తరగతి పెడుతున్నారంటే ఆమె ఎంతో ఆశపడి వెళ్ళింది. అన్నీ విని, కమిటీలో పెద్దావిడ సావిత్రిగారు చెయ్యి పట్టుకుని చెప్పింది. “మీకు ఓపిక చాలా ఉంది మణిగారూ. మీరు పిల్లల స్నాక్స్ చూసుకోండి. భాష అంటే, పిల్లలు కదా, మొదట్లోనే కరెక్ట్‌గా పడాలి.” అప్పట్నుంచి ప్రతి తరగతికీ పునుగులో, రవ్వ లడ్లో చేసి డబ్బాల్లో పట్టుకెళ్తోంది.

అమ్మ ఉన్నన్నాళ్ళు ఫోన్ ఉండేది. బాల్కనీ తలుపు మూసుకుని, క్రేన్ల చప్పుడులో, కడుపునిండా మాట్లాడుకునేది. నిరుడు అమ్మ పోయింది. ఆ తర్వాత ఆ మాట వినేవాళ్ళెవరూ లేరు. ఒకసారి బిల్డింగ్ కింద లిఫ్ట్ దగ్గర సామాన్ల సంచి జారి పచ్చడి సీసా నేలకి తగిలింది. “అయ్యో, పలిగెగా!” అనేసింది గంగామణి. అక్కడ నేల తుడుస్తున్న పోశన్న అనే కుర్రాడు చటుక్కున తలెత్తాడు. మొహం వెలిగిపోయింది. “అక్కా, మీది నిర్మల్ దిక్కా? మాది ఖానాపూర్!” పక్కన అత్తగారు ఉంది. “కాదండీ” అంది గంగామణి. అతను తుడుపుకర్ర పట్టుకుని “గట్లనా, తప్పయిందమ్మా” అన్నాడు. అక్కా అన్నవాడు అమ్మా అన్నాడు. లిఫ్ట్ అద్దంలో తన మొహం చూసుకోలేక ఆమె అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడింది.

*

వెర్నా జోసెఫ్ యాభై ఏళ్ళ భారీ మనిషి. చేతులనిండా వెండి గాజులు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అవి గలగలమంటాయి. ఆవిడ ఇంగ్లీషు మొదటిరోజు గంగామణికి సగమే అర్థమయింది. మాట పాటలా పైకీ కిందకీ ఊగుతుంది, చివరి అక్షరాలు ఆవిడే మింగేస్తుంది. వెనక సీట్లో లహరి కూర్చుంది. “జోసెఫ్‌గారికి బాగుంటుంది” అని కృష్ణప్రసాదే దాన్ని కూడా పంపించాడు.

“మణి అంటే పూర్తి పేరా?” అడిగింది వెర్నా.

“గంగామణి.”

“గాంగా మాణీ.” ఆవిడ రెండు మూడుసార్లు చప్పరించి చూసింది. “ఇంత మంచి పేరుని ముక్క చెయ్యడానికి నాకు మనసొప్పదు.” ఆ తర్వాత ఒక్కసారి కూడా మణి అనలేదు.

క్లాసులు అల్ రయ్యాన్‌లో వాళ్ళ విల్లాల కాంపౌండ్ హాల్లో జరుగుతాయి. గ్యాస్ ప్లాంట్ల పనికి ట్రినిడాడ్, జమైకా, బార్బడోస్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు శనివారాలు అక్కడ చేరతారు. ఎక్కువమంది ఇక్కడే పెరుగుతున్నవాళ్ళు, తమ దీవులను సెలవుల్లో తప్ప చూడనివాళ్ళు. వెర్నా వాళ్ళకి పాటలూ, ఆటలూ, పండగనాడు వేసే వేషాలూ నేర్పుతుంది. హాల్లో ఓ మూల మెరిసే పెద్ద గిన్నెల్లాంటివి స్టాండ్ల మీద వరసగా ఉన్నాయి. “పాన్” అంటారట. ఖాళీ నూనె పీపాని కోసి, అడుగుభాగాన్ని సుత్తితో కొట్టి కొట్టి లోతు చేసి, ఆ లోతులో ఒక్కొక్క గుంట ఒక్కొక్క స్వరం పలికేలా చేస్తారు. “తెల్ల దొరలు మా వాళ్ళ డప్పుల్ని నిషేధించారు. తర్వాత్తర్వాత మేం పీపాలు వాయించాం” అంది వెర్నా నవ్వుతూ. “ఇక్కడ పీపాలకి కొరతేముంది?” లహరికి రబ్బరు తలల పుల్లలు చేతికిచ్చారు. ఆ మొదటి స్వరం మోగినప్పుడు పిల్ల కళ్ళు ఇంతలేసి విచ్చుకోవడం గంగామణి కుట్టుమిషన్ దగ్గర్నుంచి చూసింది.

వేషాల కోసం పక్షుల రెక్కలు, చేపల పొలుసులు, సూర్యుడి కిరీటాలు కుట్టింది. పలచటి గుడ్డని సన్న తీగ మీద లాగి బిగించడం ఇంట్లో రాత్రిళ్ళు కూడా చేసింది. ఇంట్లో అది జోసెఫ్‌గారి పని, కనుక ఎవరూ అభ్యంతరపెట్టలేదు. మొదటిరోజే ఒక విషయం ఆమెకి వింతగా తోచింది. ఒక పిల్ల ఏదో అనగానే పెద్దపిల్లవాడొకడు “సరిగ్గా చెప్పు, స్కూల్లో ఇలా అంటే టీచర్ ఊరుకోదు” అన్నాడు. వెర్నా వాయింపు ఆపించింది.

“స్కూల్లో మీ టీచర్ ఇష్టం. ఈ గుమ్మం లోపల ఎవరి మాటా ఎవరూ దిద్దకూడదు.”

గంగామణి చేతిలో సూది ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక ఇద్దరూ కూర్చుని ఈకలు అతికిస్తున్నారు. వెర్నా ఆ రోజు పిల్లలకి నేర్పిన పాటే కూనిరాగం తీస్తోంది. ఇంగ్లీషు కాదు, ఏదో వేరే భాష. “దాని అర్థమేమిటి?” అనడిగింది గంగామణి.

వెర్నా పాట ఆపింది. “సగం మాటలకి అర్థం నాకూ తెలియదు” అంది. “మా అమ్మమ్మ భాష. ఫ్రెంచివాళ్ళ తోటల్లో బానిసలుగా ఉన్న మా వాళ్ళు తమలో తాము చేసుకున్న భాష. అమ్మమ్మా, తాతా వంటింట్లో మాట్లాడుకునేవాళ్ళు. మేం లోపలికి వెళ్తే ఆపేసేవాళ్ళు. నేర్పమంటే, అది నీకెందుకు, పనికిరాని మాట, బాగా చదువుకో అనేది. మా మంచికేలే. స్కూల్లో ఆ మాట నోట్లోంచి వస్తే బెత్తంతో కొట్టేవాళ్ళు.” ఈకని వేలితో నిమిరింది. “అమ్మమ్మ సిగ్గుపడింది. నాకు పాట మిగిలింది, మాట మిగల్లేదు. ఇప్పుడు నేను పిల్లలకి చప్పుడే నేర్పుతున్నాను, గంగామణీ.”

తల వంచుకుని జిగురు రాస్తున్న గంగామణికి చెవులు వేడెక్కాయి. ఆవిడ అమ్మమ్మ గురించి చెబుతోంది గానీ, తనని చూసే చెబుతున్నట్టనిపించింది. అమ్మ చెప్పిన కథలు, తిట్లు, జోలపాటలు ఎన్ని ఉన్నాయి తన దగ్గర. ఒక్కటీ లహరికి చెప్పలేదు. చెప్పాలంటే అమ్మ మాటలోనే చెప్పాలి. అత్తగారి మాటలోకి మార్చబోతే కథ ఎండిన చేపలా ముడుచుకుపోయేది. ఎన్నోసార్లు మొదలుపెట్టి, “అంతే, నిద్రపో” అని దీపం ఆర్పేసింది.

*

జనవరి చివరి శనివారం పాన్‌లు శ్రుతి చేసే మనిషి రావడం ఆలస్యమైంది. పిల్లలు గోల చేస్తున్నారు. “గంగామణీ, వీళ్ళకో కథ చెప్పు” అంది వెర్నా. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అనగనగా ఒక ముసలామె, ఒక మేక. నాలుగు వాక్యాలకే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోవడం మొదలెట్టారు. “నీ మాటలో చెప్పు. చేతులతో చూపించు. వాళ్ళే అందుకుంటారు” అంది వెర్నా.

గంగామణి లేచి నిలబడింది.

“ఒక ఊర్ల బాలవ్వ అని ఒక ముసల్ది ఉండె. దానికి ఒక్కతే మ్యాక. పొద్దుగాల మ్యాకను తోల్కొని గంగ కాడికి పోయింది. గంగ గుప్పుమని అచ్చింది, మ్యాకను గుంజుకపోయింది. ముసల్ది ఊకుంటదా? ఒడ్డు మీద నిలవడి ఒర్లింది, ఓ గంగా! నా మ్యాక నాకియ్యి!”

నిర్మల్ వైపు గోదావరిని గంగ అనే అంటారు. అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిజంగానే నదిని తిడుతున్నట్టు అరిచేది. గంగామణి చెయ్యి తెలియకుండానే నడుం మీదికి పోయింది. గంగ ఒక చేపను ఒడ్డుకి విసిరింది. ముసల్ది దాన్ని మళ్ళీ నీళ్ళలోకి విసిరి, నా మ్యాక నాకియ్యి! ఇత్తడి బిందె ఇచ్చింది. బిందెని తన్ని, నా మ్యాక నాకియ్యి! మూడోసారికి బార్బడోస్ పిల్ల కీషా, ఆరేళ్ళది, తనూ నడుం మీద చెయ్యేసుకుని అరిచింది. “నా మ్యాక నాకియ్యి!” ఆ తర్వాత హాలంతా అరిచింది. ఎవడో పాన్ మీద ఆ మాట లయకే దరువు వేశాడు. చివరికి గంగకే యాష్టకొచ్చి, విసుగెత్తి మేకని వదిలేసిందని చెప్పేసరికి పిల్లలు కుర్చీలెక్కి గెంతుతున్నారు.

అప్పుడు వెనకనుంచి చున్నీ ఎవరో లాగారు. లహరి. మొహం కందిపోయి ఉంది.

“అమ్మా, ప్లీజ్. అలా మాట్లాడకు. అందరూ వింటున్నారు.”

అందరూ! ఆ హాల్లో ఆ మాటకీ, టీవీలో వార్తలు చదివే మాటకీ తేడా తెలిసిన మనిషి లహరి ఒక్కతే. ఆ సంగతి తట్టగానే గంగామణి కుర్చీలో కూర్చుంది. ఈ దేశంలో, ఈ ఎడారిలో, ఎక్కడెక్కడి దీవుల పిల్లల మధ్య తన మాటని చూసి సిగ్గుపడేది తను కన్న పిల్ల ఒక్కతే.

వెర్నా ఆ కథని ప్రోగ్రాంలో పెట్టేసింది. భోజనాల దగ్గర లహరి తండ్రితో చెప్పేసింది. కృష్ణప్రసాద్ ముద్ద ఆపాడు.

“స్టేజి మీద? ఆ భాషలోనా? మా తెలుగు కొలీగ్స్ అంతా ఫ్యామిలీలతో వస్తున్నారు మణీ. కథ చెప్పొద్దనడం లేదు. జోసెఫ్‌గారి ముందు బాగానే ఉంటుంది. కాస్త మంచి భాషలో చెప్పు. నీకు వచ్చుగా ఇప్పుడు.”

“అవునమ్మా” అంది ఇందిరాదేవి. “మన గురించి వాళ్ళేమనుకుంటారు?”

“అలాగేనండీ” అంది గంగామణి. ఆ మాటకి జల్లెడ అక్కర్లేదు. అది ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

మరుసటి శనివారం మంచి భాషలో చెప్పింది. “అప్పుడా వృద్ధురాలు, ఓ గోదావరీ, నా మేకను నాకివ్వు అంది.” పాన్ల దరువు మాటకి అందలేదు. పిల్లలు పుల్లలు ఎత్తి పట్టుకుని అయోమయంగా చూశారు. కీషా ముందుకొచ్చి, టీచరమ్మలా వేలు చూపించి దిద్దింది.

“కాదు ఆంటీ. తప్పు చెప్తున్నావు. నా మ్యాక నాకియ్యి!”

గుమ్మం లోపల ఎవరి మాటా దిద్దకూడదని కీషాకి గుర్తులేదు. వెర్నా దాన్ని ఏమీ అనలేదు. గంగామణి మాత్రం బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది.

*

ప్రోగ్రాం రోజు హాలు నిండిపోయింది. రెక్కలు, పొలుసులు, కిరీటాలు లైట్ల కింద మిలమిలలాడాయి. పొడుగు కర్రకాళ్ళ మీద ఒక జమైకా కుర్రాడు తలుపు దాటి వస్తే చప్పట్లు ఆగలేదు. లహరి పాన్ వాయించింది. మూడో వరసలో తెలుగువాళ్ళు. కృష్ణప్రసాద్, పక్కన ఇందిరాదేవి కంచి పట్టుచీరలో, ఆ పక్కన సావిత్రిగారు. “గంగామణి తన నది గురించి కథ చెబుతుంది” అని వెర్నా పూర్తి పేరుతో పిలిచింది.

ఆమె మంచి భాషలోనే మొదలుపెట్టింది. ప్రతి వాక్యాన్నీ ముందు లోపల చూసుకుని, తర్వాత వదిలింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. మూడో వరస తృప్తిగా తలూపుతోంది. వరద వచ్చింది, మేక కొట్టుకుపోయింది. “అప్పుడా ముసలామె ఒడ్డున నిలబడి…” దగ్గర మాట రాలేదు. ‘మేకను’ అనాలి. తెలుసు. హాలంతా ఎదురుచూస్తోంది. కృష్ణప్రసాద్ పెదవులు కదిపి అందిస్తున్నాడు, చిన్నపిల్లకి పద్యం అందించినట్టు.

వెనకనుంచి పిల్లలు అందుకున్నారు. ఇరవై గొంతులు, పాన్ల దరువు.

“నా మ్యాక నాకియ్యి!”

ఎవరికీ ఏమీ అర్థం కాకపోయినా హాలంతా గొల్లున నవ్వింది, ఇష్టంగా. మూడో వరసలో నవ్వు మాత్రం వేరు. ఆ నవ్వు గంగామణికి పదకొండేళ్ళుగా తెలుసు. సావిత్రిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఒళ్ళో చేతులు చూసుకుంటోంది. కృష్ణప్రసాద్ జేబులోంచి ఫోన్ తీసి, మోగకపోయినా చెవికి పెట్టుకుని, వంగి వరస దాటి బయటికి వెళ్ళిపోయాడు. ఒంట్లో రక్తమంతా మొహంలోకే వచ్చినట్టుంది ఆమెకి. పారిపోవాలనిపించింది. కానీ పిల్లలు తన వైపే చూస్తున్నారు, చేప ఎప్పుడొస్తుందా అని. నేలకేసి చూస్తూనే అంది, “గంగ ఏం జేసిందంటే, ఒక శాపను ఒడ్డుకు ఇసిరింది…” తల ఎత్తకుండానే కథ చివరిదాకా చెప్పింది, అమ్మ మాటలో. బాగా చెప్పలేదు. బిందె సంగతి మర్చిపోయింది. చప్పట్లు మోగాయి. వెర్నా వచ్చి గట్టిగా కౌగిలించుకుంటే ఆ గాజులు వీపుకి గుచ్చుకున్నాయి తప్ప ఆమెకి సంతోషమేమీ తెలియలేదు.

చేతులు కడుక్కునే చోట సావిత్రిగారు ఎదురైంది. “భలే చెప్పారు మణిగారూ! హైదరాబాద్‌లో మా పనిమనిషి గుర్తొచ్చింది. అచ్చం మీలాగే మాట్లాడేది, పాపం మంచిది.” ఆవిడ నిజంగా మెచ్చుకుంటోంది. గంగామణి “థాంక్సండీ” అంది.

కారులో ఇల్లు దగ్గరపడుతుండగా కృష్ణప్రసాద్ అన్నాడు. “రేపు ఆఫీసులో నన్ను ఏమని పిలుస్తారో తెలుసా? మేక అని.”

ఆ వారమంతా ఆమె ఇంట్లో గోడలవైపే చూస్తూ తిరిగింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ అరవలేదు. ఉప్పు అందించమని కూడా లహరితో చెప్పించారు. అన్నం వడ్డిస్తున్నప్పుడు తన చేతుల్ని చూసినా సిగ్గేసేది. కృష్ణప్రసాద్ అన్నది నిజమేనేమో, నలుగురిలో పరువు తీసింది తనేనేమో అని గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ తనతో తనే గింజుకుంది.

గురువారం సాయంత్రం లహరి గది ముందునుంచి ఇస్త్రీ బట్టలు పట్టుకుని వెళ్తోంది. తలుపు ఓరగా ఉంది. పిల్ల మంచం మీద బోర్లా పడుకుని, రెండు పెన్సిళ్ళతో పుస్తకాల అట్టల మీద దరువు వేస్తోంది. పెదాలు కదులుతున్నాయి. “నా మ్యాక నాకియ్యి… నా మ్యాక నాకియ్యి…” అచ్చం దాని అమ్మమ్మ ఊపే. నడుం మీద చెయ్యి లేదు గానీ గొంతులో ఉంది. నేల మీద చెప్పు చప్పుడైంది కాబోలు, లహరి ఉలిక్కిపడి చూసింది. పెన్సిళ్ళు ఆగాయి. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో పిల్ల నాలుక ఏం చేస్తోందో గంగామణికి కళ్ళకి కట్టినట్టు తెలిసింది. పట్టుకుంది, ఆపింది, మార్చింది.

“నా మేకను నాకివ్వు” అంది లహరి, స్పష్టంగా, కరెక్ట్‌గా. “ఊరికే అమ్మా. ప్రాక్టీస్.”

తొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో జల్లెడ. ఎవరూ నేర్పలేదు. తనని చూసి నేర్చుకుంది. తన సిగ్గులన్నీ, వంటింట్లో మింగినవీ, లిఫ్ట్ దగ్గర మింగినవీ, స్టేజి మీద మింగినవీ, ఇదిగో ఈ ఒక్క దాని ముందు ఏమీ కావనిపించింది. బట్టలు మంచం మీద పెట్టి, పిల్ల తల నిమిరి బయటికొచ్చింది.

శనివారం పొద్దున్న పని తెమిలాక చీర మార్చుకుని, కుట్టు సంచి సర్దుకుంది. ప్రోగ్రాం అయిపోయింది గానీ క్లాసులు అయిపోలేదు. పిల్లలకి ఇంకో కథ చెప్పమని వెర్నా అడిగింది. హాల్లో కృష్ణప్రసాద్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

“నువ్వింక అక్కడికి వెళ్ళక్కర్లేదు. బట్టల పని అయిపోయిందిగా. జోసెఫ్‌గారికి నేనే చెప్పేస్తాను, నీకు ఒంట్లో బాగాలేదని.”

“అదే మంచిది” అంది ఇందిరాదేవి పేపర్లోంచి తల ఎత్తకుండా.

వాక్యం నాలుక చివరికి వచ్చింది. ఎప్పట్లాగే దాన్ని పట్టుకోబోయింది. పట్టుకోలేదు.

“నాకు ఒంట్ల మంచిగనే ఉన్నది” అంది గంగామణి. “ఆయనకు అబద్ధం చెప్పకు. నేను పోతున్న.”

ఆ ఇంట్లో ఆ మాట అలా పూర్తిగా వినబడి పదేళ్ళయింది. పేపర్ కిందకి దిగింది. కృష్ణప్రసాద్ ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ‘చెప్పకు’ అన్నందుకో, అన్న తీరుకో అతనికే తెలిసినట్టు లేదు. ఆమె చెంపలు మండుతూనే ఉన్నాయి. తలుపు దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది. లహరి వెనకే వచ్చి, తండ్రి వైపోసారి, నానమ్మ వైపోసారి భయంగా చూసి, చాలా చిన్న గొంతుతో అంది.

“అమ్మా, ‘వెళ్తున్నాను’ అనాలి.”

గంగామణి వంగి, పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వు ఎట్లన్న అను బిడ్డా, నీ ఇష్టం. నేనైతే పోతున్న అనే అంట.”